సమయమునకు లేని వీరుడు

బొబ్బిలికోట 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన పడిపోయినది. తెల్లవారుచుండగా ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు మ్రోగ నారంభించి, మధ్యాహ్నము దాటిన పిమ్మటగాని శాంతింపలేదు. కోటలోని వెలమవీరులు ప్రాణములపై ఆశ విడిచి పోరాడిరి. ఇక నిలుచుటకు వీలులేదని తేలిన తరువాత రంగారావు తనవారిని పిలిచి ఆలోచించెను. స్త్రీలును, బిడ్డలును పరుల చేత చిక్కరాదని నిశ్చయించుకొనిరి. ఇండ్లకు నిప్పుపెట్టిరి. మంటలనుండి తప్పించుకొని వచ్చినవారిని తమ కత్తులకే బలియిచ్చి, మరల బురుజులమీదికి పోయి, తాము కూడ కూలిరి. రంగారావు తుపాకిగుండు తగిలి పడిపోయెను.

ఈ వృత్తాంతమును విపులముగ వ్రాసినవాడు రాబర్టు ఓర్ము అను ఆంగ్లేయుడు. ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో పెరిగినవాడు. ఆయన చరిత్రగ్రంథముయొక్క రెండవ సంపుటము 1778లో లండనునందు వెలువడినది. ఫ్రెంచివారికి ఆయన మిత్రుడు కాడు. బొబ్బిలివారికి చుట్టమును కాడు. అయినను ఆ దినమును వర్ణించునప్పుడు ఆయన కలము కొంత తడబడినట్లే మాకు తోచును. తెలుగువారు ఆ కథను పాటగా కట్టుకొనిరి. పెద్దాడ మల్లేశము పేర వ్యాప్తిలోనున్న పదమును జంగమకథకులు ఊరూర పాడిరి. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రమని కావ్యము చెప్పెను. వేదము వేంకటరాయశాస్త్రిగారును, శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారును నాటకములు రచించిరి. 1964లో అది చలనచిత్రము కూడ అయినది. ఒక్క దినములో ముగిసిన యుద్ధమునకు ఇంత సాహిత్యము పుట్టుట మన దేశమున అరుదు.

ఈ సాహిత్యమునకును, ఓర్ము వ్రాసిన చరిత్రకును మధ్య ఒక భేదమున్నది. దానిని గమనించిన చదువరులు తక్కువ. ఆ భేదమును గురించియే మేమీ వ్యాసమున కొంత విచారింపదలచితిమి.

కోట పడిన మూడవనాటి రాత్రి విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు తన గుడారములో హతుడయ్యెను. బుస్సీని బొబ్బిలిమీదికి నడిపించిన వైరము ఆయనదే. ఓర్ము చెప్పిన ప్రకారము ఆయనను చంపినవారు రంగారావు సైనికులు. తమ ప్రభువు కూలుట కన్నులార చూచి, నలుగురు మనుష్యులు కోటలో మరుగైన చోట దాగికొని, చీకటి పడిన పిమ్మట గోడ దిగిరి. భాష ఒకటే యగుటచేత శత్రువుల దండులోనుండి అనుమానము రాకుండ నడచిపోయి, అడవిలో రెండుదినములు గడపిరి. వారిలో ఇద్దరు ప్రమాణము చేసికొని గుడారము చొచ్చిరి. రాజు శరీరముపై ముప్పదిరెండు గాయములు కనబడెనట. ఆ యిద్దరిని అక్కడనే చంపివేసిరి. ఓర్ము వారి పేర్లు చెప్పలేదు.

తెలుగుకథ పేరు చెప్పినది: తాండ్ర పాపయ్య. అంతతో ఊరుకొనక మరియొక మార్పు చేసినది. పాపయ్య ఆనాడు కోటలో లేడు; రాజాములో నున్నాడు. వార్త అందుటలో ఆలస్యమైనది. అతడు వచ్చునప్పటికి కోట బూడిదయై యున్నది. చరిత్రకారుని లెక్కలో కోటలోనుండి బయటికి వచ్చిన పగవాడు, కథకుని నోట బయటనుండి కోటలోనికి వచ్చినవాడయ్యెను.

పాపయ్య నిజముగ ఎక్కడ నుండెనో తేల్చుట మా ఉద్దేశము కాదు. స్థానికులు చెప్పుకొన్నది ఓర్ము చెవిని పడకపోయి యుండవచ్చును. మేమడుగునది వేరు. వందలాది కథకులు, వేలాది శ్రోతలు, ఇన్ని తరములుగా, రాజాములోనున్న పాపయ్యనే ఎందుకు కోరుకొనిరి? కోటలో నిలిచి పోరాడి, ప్రభువు పతనమును చూచి, దాగికొని, ప్రతీకారము తీర్చుకొన్నవాడు తక్కువ శూరుడా? ఎక్కువ కాకపోవచ్చునుగాని తక్కువ కాడు. అయినను వాని కథ మనలను అంతగా కదలింపదు. పోరులో నున్నవాడు తన ఋణము కొంతయైన తీర్చుకొన్నవాడు. అతని దేహముపై గాయములున్నవి; తన్ను తాను చూచుకొని ఓదార్చుకొనగలడు. సమయమునకు లేనివానికి ఆ ఓదార్పు లేదు. వాని ఒడలు చెక్కుచెదరలేదు. అదియే వాని బాధ. తనవారందరు నేలగూలిన చోట తానొక్కడు ఆరోగ్యముగ నిలిచియుండుట వానికి దుర్భరమైన అవమానము. కథకుడు ఆ దుఃఖమును గుర్తించెను. కావుననే పాపయ్యను రాజాముకు పంపెను, లేక రాజాములోనున్నవానిని ఎన్నుకొనెను.

వీరత్వమనగా భుజబలమని మన బాలురకు నేర్పుచున్నాము. మా పాఠశాలలో విద్యార్థులను వీరుని వర్ణింపుమన్న, కోరమీసములును, కరవాలమును, సింహనాదమును వ్రాయుదురు. అది వారి తప్పు కాదు. మన పద్యనాటకముల తెరలు వారికి నేర్పిన విద్య. లోకములోని గొప్పకావ్యములను తెరచి చూచిన, కవులు వీరుని మొదట బలవంతునిగా కాక, దుఃఖితునిగా మన యెదుట నిలబెట్టుచున్నారు. అందును పలుచోట్ల ఆ దుఃఖము ఒకే జాతిది. అతడు ఉండవలసినచోట లేకపోయెను.

మహాభారతయుద్ధమున పదుమూడవనాటి సాయంకాలమును జ్ఞప్తికి తెచ్చుకొందము. అర్జునుడు ఆ దినమంతయు సంశప్తకులతో వేరుదిక్కున పోరాడి, జయించి, శిబిరమునకు మరలుచున్నాడు. దారిలోనే అతని మనస్సు కలత చెందినది. శిబిరము సమీపించినకొలది ఆ కలత పెరిగినది. ప్రతిదినము వినవచ్చు మంగళవాద్యములు లేవు. భటులు తన్ను చూచి తలలు వంచుకొని తప్పుకొనుచున్నారు. రోజును నవ్వుచు ఎదురువచ్చు కుమారుడు రాలేదు. ఎవరును ఒక మాట చెప్పకముందే తండ్రికి తెలిసిపోయినది. వ్యాసుడు ఈ ఘట్టమును నడపిన తీరు మిక్కిలి నేర్పుగలది. తిక్కన తెనిగించినప్పుడును ఆ మౌనము చెడలేదు. పద్మవ్యూహములో అభిమన్యుడు చూపిన పరాక్రమము గొప్పదే. కాని ఆ వాద్యములు లేని శిబిరము మన హృదయములను పట్టినట్లు ఆ పరాక్రమము పట్టదు.

అర్జునుని శోకములో ఒక ముల్లున్నది. వ్యూహము చొచ్చుట కుమారునకు నేర్పినవాడు తానే. వెలుపలికి వచ్చుట నేర్పనివాడును తానే. మూలభారతములో అభిమన్యుడు ధర్మరాజుతో ఈ మాట దాచక చెప్పియే యుద్ధమునకు పోయెను. అర్జునుడును దానిని తలచుకొని కుందెను. సుభద్ర గర్భములో నుండగా సగము విని, ఆమె నిద్రపోవుటచేత తక్కిన సగము వినలేదను కథ లోకములో విరివిగా వ్యాపించియున్నది. అది మూలములో కానరాదు. ఆ కథ చమత్కారమైనదే కాని దానివలన రెండు నష్టములు కలిగినవి. తండ్రి చేయని బోధకు తల్లి నిద్ర కారణమైనది. మూలములో తండ్రి గుండెను కోసిన ముల్లు ఊడిపోయినది. తప్పును ఆడుదాని నిద్రమీద త్రోసివేయుట మన ఇండ్లలో నేటికిని కానరాని పద్ధతి కాదు. వ్యాసుడు మాత్రము ఆ పని చేయలేదు.

ఇట్టి శోకము ఊరక కూర్చుండదు; ఎవరిమీదనో పడవలయును. అభిమన్యుని చుట్టుముట్టి చంపినవారు పలువురు మహారథులు. వారిలో ద్రోణుడు గురువు, కృపుడును గురువే. అర్జునుని శపథము వారిపై పడలేదు. పాండవులను వ్యూహద్వారమున ఆపివైచిన సైంధవునిపై పడినది. మరునాడు సూర్యుడస్తమించులోపల వానిని చంపుదును, చంపనిచో అగ్నిప్రవేశము చేయుదునని అతడు ప్రతిజ్ఞ చేసెను. ఇందులో న్యాయమెంత అని పండితులు వాదించుకొనవచ్చును. కాని మనస్తత్త్వము మాత్రము స్పష్టముగ నున్నది. సైంధవుడు చంపినవాడని అర్జునుడనుకొనలేదు. తోడు రానీయక తలుపు మూసినవాడని యనుకొనెను. తానును ఆనాడు తోడు రాలేకపోయెను. తన లోటునకు వెలుపల ఒక రూపము దొరకినది. తప్పినచో తన దేహమునే కాల్చుకొందుననుటలో శిక్ష ఎవరికో తేటపడుచున్నది.

యవనకవి హోమరు రచించిన ఇలియడ్ కావ్యమునందు ఎకిలీసను వీరుని కథ దీనికి సోదరివంటిది. అతడు తమ దొరపై అలిగి, యుద్ధము మాని, ఓడలచెంత కూర్చుండెను. ప్రాణసమానుడైన చెలికాడు పెట్రోక్లసు తనవారి చావు చూడలేక, నీవు రాకున్న నీ కవచమైన నాకిమ్మని వేడెను. ఎకిలీసు ఇచ్చెను, శత్రువులను ఓడలవద్దనుండి తరిమి తిరిగి వచ్చివేయుమని, పట్టణపు గోడలదాక పోవద్దని హెచ్చరించెను కూడ. పెట్రోక్లసు పోయెను, గెలుపు మత్తులో గోడలదాక పోయెను, హెక్టరుచే మడిసెను. కబురు తెచ్చినవాడు ఏడ్చుచు చెప్పగా, లోకైకవీరుడని పేరొందిన ఆ మనుష్యుడు దుమ్ము రెండుచేతుల నెత్తిన పోసికొని నేలపై పొరలెను. తల్లి సముద్రమునుండి లేచివచ్చి ఓదార్చగా, ఓడలదగ్గర నేలకు బరువుగా కూర్చుంటినని తన్ను తాను నిందించుకొనెను.

అలిగినది అతడే, కవచమిచ్చినది అతడే. కావున ఎకిలీసు లోటు అర్జునుని లోటుకన్న బరువైనది. అర్జునుని శత్రువులు దూరముగ లాగికొనిపోయిరి. ఎకిలీసును తన అభిమానమే దూరముగ కూర్చుండబెట్టెను. ఆ బరువునకు తగినట్లే అతని ప్రతీకారమును హద్దు మీరినది. హెక్టరును చంపి ఊరుకొనక శవమును రథమునకు కట్టి ఈడ్చెను. చెలికాని చితిపై పండ్రెండుగురు ట్రాయి యువకులను వధించెను. హోమరు ఈ పనిని కప్పిపుచ్చలేదు, పొగడను లేదు. హెక్టరు శవమునకు జరిగిన అవమానమును చూచి దేవతలే ఏవగించుకొనిరని చెప్పెను.

తరువాత వచ్చునది ఆ కావ్యమంతటిలో మాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము. ఒకరాత్రి హెక్టరు తండ్రి, ముసలి ప్రయాము, శత్రువుల దండు మధ్యనుండి వచ్చి ఎకిలీసు గుడారమున ప్రవేశించెను. చేత కత్తి లేదు. తన కుమారుని చంపిన చేతులను పట్టుకొని ముద్దుపెట్టుకొని, నీ తండ్రియు నావలెనే ముసలివాడై ఎదురుచూచుచుండునని గుర్తుచేసెను. ఇద్దరును ఏడ్చిరి: ఒకడు కొడుకుకొరకు, ఇంకొకడు తండ్రికొరకును చెలికానికొరకును. ఎకిలీసు శవమును కడిగించి, వస్త్రము కప్పించి, దహనమునకు కావలసిన దినములు యుద్ధము ఆపెదనని మాటయిచ్చి పంపెను. ట్రాయి పట్టణము కూలుటతో కాదు, ఈ మాటతోను హెక్టరు అంత్యక్రియలతోను హోమరు కావ్యము ముగించెను. పగ తీరినంతమాత్రమున తీరని దుఃఖము, పగవాని దుఃఖమును చూచినప్పుడు కొంత దారికి వచ్చినది.

రాత్రివేళ శత్రువు గుడారము చొచ్చుట అనగానే మన భారతములోని సౌప్తికపర్వము తలపునకు వచ్చును. అశ్వత్థామయు సమయమునకు లేనివాడే. తండ్రియైన ద్రోణుడు తన చావువార్త అను అబద్ధముచేత అస్త్రములు విడిచి, ధృష్టద్యుమ్నునిచే తలగోయబడిననాడు అతడు రణములో వేరొకచోట నుండెను. కృపుని నోట విని తెలిసికొనెను. అతని దుఃఖము అర్జునుని దుఃఖమునకు ఏవిధమునను తీసిపోదు. అన్యాయమును అంతకు తక్కువది కాదు. మరి ఒకడు వీరుడుగాను, ఒకడు శాపగ్రస్తుడుగాను ఎట్లైరి? పదునెనిమిదవనాటి రాత్రి అశ్వత్థామ నిద్రించుచున్న శిబిరమున చొచ్చి, తండ్రిని చంపినవానితో ఆగలేదు. ద్రౌపది కుమారులైదుగురను చంపెను. పిదప ఉత్తర గర్భములోని శిశువుపైన అస్త్రము వేసెను. దుఃఖము అతనికి కన్నులీయలేదు. ఉన్న కన్నులను తీసికొనెను. అర్జునుడు ఒక్కనిని, పగటివేళ, ముందు చెప్పి, తన ప్రాణము పందెముగా నుంచి వెదకెను. అశ్వత్థామ ఎవరు దొరకిన వారిని, చీకటిలో, చెప్పక చంపెను.

ఈ తూనికలో పాపయ్యను పెట్టి చూతము. అతడును చీకటిలోనే పోయెను, గుడారమే చొచ్చెను. రాజును నిద్రలేపి, తన పేరు చెప్పి పొడిచెనని జనశ్రుతి. నిజమో కాదో గాని, ఈ మాట కల్పించినవారికి సౌప్తికపర్వము బాగుగ తెలియునని మేము నమ్ముచున్నాము. తమ వీరుడు అశ్వత్థామ కారాదని వారి జాగ్రత్త. ఒక్క మనుష్యుని మాత్రమే అతడు వెదకుట, అక్కడనుండి ప్రాణములతో రావలెనని కోరకపోవుట, ఇవియు ఆ జాగ్రత్తలోనివే. పగలో కూడ హద్దు నిలుపుకొన్నవానినే మన పల్లెప్రజలు వీరుడనిరి. అక్షరములు రాని శ్రోతలు ఇంత సూక్ష్మవివేచన చేయుట మనకు గర్వకారణము.

పలనాటివీరుల కథలో ఈ దుఃఖమునకే మరియొక ముఖమున్నది. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిన శ్రీనాథుని ద్విపదగ్రంథమువలన ఆ కథ చదువుకొన్నవారి ఇండ్లకు చేరినది; కారెంపూడిలో అది అంతకుముందునుండియు వీరుల గుళ్లలో బ్రతికియున్నది. బాలచంద్రుని యుద్ధమునకు దూరముగ నుంచినది తల్లి ఐతమ్మ ప్రేమ. అతడు బొంగరములాడుచు కాలము పుచ్చుచుండగా, బొంగరము తగిలి గాయపడిన స్త్రీ దెప్పిపొడిచిన మాటతో తెలివి తెచ్చుకొని కదలెను. అతడు సమయమునకు అందుకొన్నవాడే. అందుకొనలేనివాడు అతని సోదరతుల్యుడు అనపోతరాజు. బ్రాహ్మణకుమారుడైన ఆ చెలికానిని చావునుండి తప్పింపవలెనని బాలచంద్రుడు ఏదో మిషతో వెనుకకు పంపెను. మోసము తెలిసిన వెంటనే అనపోతరాజు ప్రాణత్యాగము చేసికొనెను. తల్లి తనకు చేసినదానిని సహింపని బాలచంద్రుడు, అదే పని చెలికానికి చేసెను. ప్రేమచేత మనుష్యుని అపాయమునుండి తొలగించుట, వాని భాగమును వానికి లేకుండ చేయుటయు కావచ్చునని ఆ కథ చెప్పక చెప్పుచున్నది. బాలచంద్రుని పరాక్రమమును పాడువారు వేయిమంది. అనపోతుని దగ్గర ఒక నిముసము నిలిచి పాడువారిని మేము విశేషముగ గౌరవింతుము.

ఇంతవరకు చెప్పినదంతయు పురుషుల దుఃఖమే. బొబ్బిలికథ చెప్పునప్పుడు మా తరగతిలో ఒక బాలిక, పాపయ్య సమయమునకు వచ్చియున్నచో రాణి మల్లమ్మ బ్రతికియుండునా యని యడిగినది. మేము వెంటనే అవునని చెప్పబోయి ఆగితిమి. ఏలయన, వచ్చియున్నచో పాపయ్యయు కోటలోనే యుండును. రంగారావు పిలిచిన ఆలోచనసభలో అతడును కూర్చుండును. స్త్రీలనేమి చేయవలెనను ప్రశ్న వచ్చినప్పుడు అతడును తక్కినవారితో కలిసి తల ఊపును. లేచిపోయి తన చేతితోనే ఆ పని చేయును. సమయమునకు లేకపోవుట అతనికి దుఃఖము తెచ్చినమాట నిజమే. దానితోపాటు మరియొక మేలును చేసినది: ఆ స్త్రీల రక్తము అతని చేతికి అంటలేదు. కథకులు పగ తీర్చువానిని కోటవెలుపల నుంచుటకు ఇదియు ఒక కారణమని మాకు తోచుచున్నది. భార్యాబిడ్డలను తన చేతితో చంపి వచ్చినవాడు, విజయరామరాజును వారి చావునకు శిక్షించెనన్న, వినువారి మనస్సు ఎక్కడనో ఒకచోట చివుక్కుమనక తప్పదు. వెలుపలనుండి వచ్చినవాని కన్నీటిలో ఆ కలక లేదు. కథ అంత తెలివిగ తన్ను తాను శుభ్రపరచుకొన్నది.

కాని ఆ తెలివిలోనే కథయొక్క లోపమును పట్టువడుచున్నది. కోటలోని స్త్రీలను ఎవరైన అడిగిరా? వారిలో చావునకు ఒప్పుకొన్నవారుందురు. ఆ కాలపు పెంపకము అట్టిది. ఒప్పుకొననివారును ఉందురు. మంటలనుండి వెలుపలికి పరుగెత్తి వచ్చినవారిని కత్తులతో పొడిచిరని ఓర్ము వ్రాసిన ఒక్క వాక్యము చాలును: పరుగెత్తినవారు బ్రతుక గోరినవారే కదా. మానరక్షణమని ఒక్క మాట చెప్పి మన నాటకములు ఆ వాక్యముమీద తెర దించివేసినవి. స్త్రీ తనంతట తాను తెగించుటకును, ఆమె మానమును ఇతరులు నిర్ణయించి ఆమె ప్రాణమును తీయుటకును గల భేదమును మన ఇండ్లలో ఆడబిడ్డలకు పద్యములు నేర్పు తండ్రులు ఒకింత ఆలోచింపవలయును.

వ్యాసుడు ఈ విషయమున మన కవులకంటె ధైర్యవంతుడు. యుద్ధమైన పిమ్మట ఒక పర్వమునకు పర్వము స్త్రీల కిచ్చివేసెను. గాంధారి ఆ రణభూమియంతయు చూచి, పడియున్న ఒక్కొక్కనిని కృష్ణునకు చూపుచు మాటలాడెను. చివరకు ఆ కృష్ణునే శపించెను. ఉత్తర, భర్త శరీరముపై పడి, ఆరునెలల కాపురమునే లెక్కపెట్టుకొనెను. జయించినవారి వీరత్వము ఆ మాటలు విన్న పిమ్మట కూడ నిలుచునా యని కవి మనలను పరీక్షించుచున్నాడు. బొబ్బిలికథకు స్త్రీపర్వము లేదు. ఉండుటకు ఆ స్త్రీలు మిగులలేదనిన నిజమే. కాని కవికి అది అడ్డము కాదు. పాపయ్య కోటలో ప్రవేశించి బూడిదలో నడచునప్పుడు అతడు చూచినదేమి? పగవాని గుడారమువైపు దారి మాత్రమేనా? మేము చూచిన నాటకములలో అతడు అక్కడ నిలిచి నాలుగు పద్యములు చదివి, ఐదవ పద్యమునాటికి కత్తి దూయుచున్నాడు. ప్రేక్షకులు చప్పట్లు చరచుదురు. ఆ నాలుగు పద్యములను నలుబది చేయగల కవి వచ్చువరకు పాపయ్య కథ సగమే.

ఓర్ము వ్రాసినదానిలో మరియొక మనుష్యుడున్నాడు. అతనికిని పేరు లేదు. కోట పడిన తరువాత ఒక వృద్ధుడు చిన్నబాలుని వెంటబెట్టుకొని ఫ్రెంచి సేనలో లా అను అధికారియెదుటకు వచ్చి, ఇతడు రంగారావు కుమారుడు, తండ్రి ఇచ్ఛకు విరుద్ధముగ నేనితనిని కాపాడితినని చెప్పెను. ఇండ్లు కాలుచుండగా, కత్తులు దూసినవారందరు తన యేలికలై యుండగా, ఆ ముసలివాడు ఆ బిడ్డను ఎక్కడ దాచెను, ఎట్లు దాచెను, ఏ క్షణమున ప్రభువు ఆజ్ఞను మీరుటకు నిశ్చయించుకొనెను అన్నది ఎవ్వరును వ్రాయలేదు. పాపయ్య సమయమునకు లేడు. ఇతడున్నాడు. అందరితో పాటు తల ఊపవలసినచోట ఊపలేదు. బుస్సీ కరగి, రంగారావు కోట విడిచినచో ప్రతిగా ఇత్తునని పూర్వము చెప్పిన భూములకు ఆ బాలుని ప్రభువుగ నుండనిమ్మని ఆజ్ఞాపించెను.

తరువాతి చరిత్ర త్వరగా చెప్పవచ్చును. విజయరామరాజు వారసుడైన ఆనందగజపతి ఫ్రెంచివారితో పొసగక ఆంగ్లేయులను పిలిచెను. 1758 డిసెంబరులో చందుర్తియొద్ద ఫ్రెంచివారు ఓడిరి, మరుసటి సంవత్సరము మచిలీపట్టణము కూడ వారి చేజారినది. బొబ్బిలి బాలునకు మాత్రము కష్టములు తీరలేదు. విజయనగరమువారి ప్రాబల్యములో ఏండ్లు గడచినవి. 1794లో పద్మనాభముకడ విజయనగర ప్రభువు కంపెనీ సేనతో పోరాడి మడిసిన పిమ్మట, ఆంగ్లేయులు అతనికి తండ్రి జమీను తిరిగి ఇచ్చిరి. చిన్నరంగారావని వ్యవహరింపబడిన ఆ మనుష్యుడు అప్పటికి ముప్పదియేడేండ్ల క్రిందట కాలుచున్న కోటలోనుండి ఒక ముసలివాని చేయి పట్టుకొని నడచివచ్చినవాడు. పాపయ్య పాట పాడునప్పుడు అతడును వినియే యుండును. ఆ ముసలివానిపై మాత్రము ఇంతవరకు ఒక పాట ఉన్నట్లు మేము వినలేదు.